ఓడలో ప్రభల తీర్థం

"ఒరేయ్, గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటిందా? నాకిక్కడ వీడియో తిరుగుతూనే ఉంది" అని అన్నయ్య మెసేజ్. నేను కోనసీమ జగ్గన్నతోటలో, ఊరూరి నుంచి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన వెదురు ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే సంక్రాంతి తీర్థంలో, జనం మధ్య నలుగుతున్నాను, వాడు ఎక్కడో నడిసముద్రంలో ఓడ మీద.

ఓడలో శాటిలైట్ నెట్టే దిక్కు, అదీ మనిషికింత అని కోటా. హెచ్‌డీలో గంట చూస్తే దాదాపు 3 జీబీ హాంఫట్, అందుకే లైవ్‌ని అన్నిటికంటే తక్కువ క్వాలిటీ 144లో పెట్టుకుని చూస్తున్నాడట, ప్రభ మీది రంగు గుడ్డలన్నీ కలిసిపోయి ఒకటే మసక. అయినా ఊగే తీరు చూసి ఏ ఊరి ప్రభో చెప్పేస్తున్నాడు!

వాళ్ల శాటిలైట్ 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికే పావు సెకను. లైవ్ ఆలస్యం అదనం. ఇక్కడ ప్రభ ఒడ్డెక్కి, జనం "శరభా శరభా" అని అరిచేశాక, వాడికింకా నీళ్లలోనే ఉంది. నేను ముందే చెప్పేస్తున్నానని తిట్లు కూడా.

మేమేమో ఇక్కడ పనికిరాని రీల్స్‌కి రోజూ డేటా తగలేస్తాం.

చివరికి "వీడియో మానేయ్, వాయిస్ పెట్టు, ఒక ఎంబీ కూడా పట్టదు" అన్నాడు. పెట్టాను. అందులో డప్పుల కంటే నా పక్కన జీళ్లమ్మే ఆయన గొంతే ఎక్కువుంది, ఇంకా టిక్ పడలేదు, ఏమంటాడో చూడాలి.