గంట కొట్టే హక్కు

"టీచర్, ఈరోజు గంట నేనే కొట్టాలి!" నాలుగో తరగతి పిల్లవాడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. 13వ ఎక్కం తడుముకోకుండా ఒప్పజెప్పాడు మరి.

వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క అందక, మునివేళ్ల మీద లేచి, రెండు చేతులతో సుత్తి పట్టుకుని ఇంటి గంట కొట్టాడు. ఆపమన్నా ఆపడే!

పోయిన నెలంతా చాక్లెట్లు, పెన్సిళ్లు, నక్షత్రాల స్టిక్కర్లు కొని చూశాను. చాక్లెట్ కరిగేలోపే ఎక్కమూ కరిగిపోయేది. గంటకు పైసా ఖర్చు లేదు.

చిక్కల్లా ఒకటే. రేపటికి 14వ ఎక్కం నేర్చుకొస్తామని ఏడుగురు చేతులెత్తారు. ఇంటి గంట ఒక్కటే కదా! ప్రార్థన గంట, అన్నం గంట కూడా పంచిపెట్టాలేమో.

ఇన్నాళ్లూ గంట కొట్టిన ఆయమ్మ ఇప్పటికే నన్ను గుర్రుగా చూస్తోంది.