సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లిన రోజు

కీళ్ల జబ్బైన రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టిన రెండో ఏడాదిలో, నియమంగా చేయించుకునే రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరిగినట్టు వచ్చింది. "ఇవి కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు గారు అడిగితే, "వేరే మందులేమీ లేవండీ" అన్నాను. అబద్ధమాడాలని కాదు, సప్లిమెంట్లు మందుల లెక్కలోకి వస్తాయని నాకు తట్టనే లేదు. "మందులు కానివి కూడా పట్టుకురండి" అని ఆవిడ అనడంతో, మర్నాడు నేను వాడుతున్న నాలుగు సప్లిమెంట్ల సీసాలనూ సంచిలో వేసుకుని వెళ్లాను.

ఆవిడ ముందుగా పక్కన పెట్టించింది కర్‌క్యుమిన్ గుళికలను. పసుపే కదా, ఏం చేస్తుందిలే అనుకున్న నాకు, అది సులభంగా ఒంటబట్టదు కనుక మిరియాల్లోని పైపరిన్‌ను కలుపుతారనీ, అలాంటి గాఢమైన సారాలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయనీ అప్పుడే తెలిసింది. మెథోట్రెక్సేట్ కూడా కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన మందే. ఇక రెండో సీసాలోని గ్లూకోసమిన్ మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం మోకాళ్ల అరుగుదలకు సంబంధించినవి. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనంలో రోజుకు 1500 మి.గ్రా. చొప్పున 24 వారాలు వాడినా, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. నాది అసలు అరుగుదలే కాదు, సొంత రోగనిరోధక వ్యవస్థ కీళ్ల పొర మీద విరుచుకుపడే జబ్బు. సీసా మీద 'ఆర్థరైటిస్' అన్న ఒక్క మాట చూసి ఏడాదిపాటు మింగాను.

చేపనూనె సీసాకు భూతద్దం కావలసి వచ్చింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో 1000 మి.గ్రా. అని ఉంటే, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంది. చేపనూనెలో పనిచేసే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ఈ రెండే. అంటే అసలు సరుకు 300 మి.గ్రా. మాత్రమే. రుమటాయిడ్ నొప్పి కొంత తగ్గినట్టు చూపిన అధ్యయనాల్లో ఈ రెండూ కలిపి రోజుకు సుమారు 3 గ్రాములు వాడారు. ఆ లెక్కన పది గుళికలు కావాలి, నేను వేసుకుంటున్నది ఒకటి. మల్టీవిటమిన్‌ను మాత్రం ఉంచుకోమన్నారు.

ఆరు వారాల తర్వాత ఎంజైములు మామూలు స్థాయికి వచ్చాయి. మెథోట్రెక్సేట్ మోతాదు కూడా తగ్గించారు కనుక, నేరం కర్‌క్యుమిన్‌దేనని తేల్చలేమని డాక్టరు గారు అన్నారు. సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది: మందుచీటీలో మొదటినుంచీ రాసి ఉన్న ఫోలిక్ యాసిడ్‌ను, కీళ్లకు ఉపయోగపడదు కదా అని తరచూ ఎగ్గొట్టేవాణ్ణి. అది మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలను తగ్గించడానికట. చెప్పిన రోజుల్లో తప్పకుండా వేసుకోవడం మొదలుపెట్టాక, నెలకోసారి వచ్చే నోటిపూత మళ్లీ రాలేదు.