టేబుల్ ఎజెండా నడవని చోట

హనుమకొండ, జనగామ వైపు మున్సిపల్ రాజకీయం చూసి పెరిగినోళ్లకు టేబుల్ ఎజెండా కొత్త ముచ్చట కాదు. మీటింగు మొదలయ్యాక జిరాక్స్ కాగితం చేతికొస్తుంది, సభ్యులు చదివేలోపే ‘ఆమోదం’ అనేస్తారు. ఇంగ్లండ్‌లో పారిష్ కౌన్సిల్ క్లర్కుగా, అంటే కౌన్సిల్ పనులు నడిపే ఉద్యోగిగా చేరే మనోళ్లు మొదట వదులుకోవాల్సిన లెక్క ఇదే. సభ్యులకు ముందుగా పంపిన సమన్లలో, అంటే ఎజెండాతో కూడిన మీటింగు పిలుపులో, లేని అంశం మీద అక్కడ తీర్మానం చేయడానికి వీల్లేదు. ‘ఇతర అంశాలు’ అని చివర్లో ఒక గీత గీసి దానికింద నిర్ణయాలు దూర్చడమూ కుదరదు. ఎవరైనా ఏదైనా గుర్తుచేస్తే విని, వచ్చే ఎజెండాలో పెడతామని చెప్పి ఊరుకోవాలి.

పారిష్ కౌన్సిల్ అంటే దాదాపు మన గ్రామ పంచాయతీ స్థాయి. అయితే మన దగ్గర సర్పంచ్‌ని ఊరే నేరుగా ఎన్నుకుంటుంది. అక్కడ చైర్మన్‌ను సభ్యులే ఏటా మే నెల వార్షిక సమావేశంలో, మొట్టమొదటి అంశంగా ఎన్నుకుంటారు. అందుకే చైర్మన్‌కు సర్పంచ్ అంత బలం ఉండదు. చట్టం ప్రకారం కౌన్సిల్ తన అధికారాన్ని కమిటీకి అప్పగించొచ్చు, క్లర్కుకు అప్పగించొచ్చు, ఒక్క సభ్యుడికి మాత్రం అప్పగించలేదు. చైర్మన్ అయినా సరే. ‘ఆ బెంచీలు ఆర్డర్ పెట్టెయ్, తర్వాత చూసుకుందాం’ అని చైర్మన్ ఫోన్ చేస్తే మర్యాదగా కాదనాలి. పెద్దమనిషి మాట తీసేయడం మనకు కష్టమే, కానీ ఆడిట్‌లో జవాబు చెప్పాల్సి వచ్చేది క్లర్కే.

అసలు పని రోజులు లెక్కపెట్టడంలో ఉంది. పారిష్ కౌన్సిల్ మీటింగుకు మూడు పూర్తి రోజుల నోటీసు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, మీటింగు రోజు, ఆదివారం, బ్యాంక్ హాలిడే, క్రిస్మస్, ఈస్టర్ సెలవులు ఈ మూడింటిలోకి రావు. మే మొదటి సోమవారం అక్కడ సెలవు. ఆ వారం గురువారం మీటింగు పెడితే బుధ, మంగళ రెండు రోజులు అయ్యాయి. సోమవారం పోయింది, ఆదివారం పోయింది, మూడోది శనివారం. అంటే నోటీసు శుక్రవారం నాటికి బోర్డు మీద ఉండాలి, సమన్లు సభ్యులకు చేరాలి. శనివారం పొద్దున అంటించి ‘మూడు రోజులు ఉన్నాయిగా’ అనుకుంటే ఆ రోజు చేసిన తీర్మానాలన్నీ ప్రశ్నార్థకమవుతాయి. ఒప్పుకున్న సభ్యులకు సమన్లు ఈమెయిల్‌లో పంపొచ్చని 2015 నుంచి ఉంది, ఒప్పుకోనివాళ్లకు కాగితమే. జిల్లా, నగర స్థాయి కౌన్సిళ్లకైతే ఐదు పూర్తి రోజులు.

కోరం మొత్తం సభ్యుల్లో మూడో వంతు, ఎట్టి పరిస్థితిలోనూ ముగ్గురికి తగ్గకూడదు. పదిహేను మంది ఉన్న చోట ఐదుగురు, ఏడుగురు ఉన్న చోట ముగ్గురు. చిక్కు చిన్న కౌన్సిళ్లలోనే. ఏడుగురిలో నలుగురు వచ్చారనుకోండి. ఎజెండాలో ఒక పొలం లీజు అంశం ఉంది, అందులో ఇద్దరికి ఆర్థిక ప్రయోజనం ఉంది. 2011 నాటి చట్టం ప్రకారం వాళ్లు ఆ చర్చలో పాల్గొనకూడదు, ఓటేయకూడదు. మిగిలేది ఇద్దరే, కోరం పోయింది, అంశం వాయిదా. మినహాయింపు కావాలంటే సభ్యుడు ముందే రాతపూర్వకంగా అడగాలి. కాబట్టి ఎజెండా పంపేటప్పుడే ఎవరి ఆస్తి ఎక్కడుందో రిజిస్టర్ తిరగేసి, ఫోన్ చేసి అడగడం మంచిది.

చర్చలో ఎక్కువ గందరగోళం సవరణల దగ్గర. ‘పార్కు గేటు రాత్రి 8కి మూయాలి’ అని ఒకరు తీర్మానం పెట్టారు, ఇంకొకరు బలపరిచారు. ఒకాయన ‘8 తీసి 9 పెట్టండి’ అన్నారు. ఇది సవరణ, దీన్నీ ఎవరో ఒకరు బలపరచాలి. ఇంకొకాయన ‘అసలు మూయొద్దు’ అన్నారు. ఇది సవరణ కాదు. ఆయన చేయాల్సింది తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేయడమే, ఆ సంగతి క్లర్కు చైర్మన్ చెవిలో వెంటనే వేయాలి. ముందు సవరణ మీద ఓటు. అది నెగ్గితే ‘9కి మూయాలి’ అన్నదే ఇప్పుడు సభ ముందున్న తీర్మానం, దాని మీద మళ్లీ ఓటు తీసుకోవాలి. సవరణ నెగ్గగానే పని అయిపోయిందని తర్వాతి అంశంలోకి పోవడం కొత్తవాళ్లంతా చేసే పొరపాటు. ఓటేసే ముందు తీర్మానాన్ని అక్షరం పొల్లు పోకుండా పైకి చదివితే సగం లొల్లి అక్కడే చల్లారుతుంది.

కౌన్సిల్ నిబంధనలు వేరేగా చెప్పకపోతే ఓటింగు చేతులెత్తడంతోనే. సమానమైతే చైర్మన్ అప్పటికే ఓటేసి ఉన్నా రెండో ఓటు వేయొచ్చు. ఎవరెటు ఓటేశారో పేర్లతో రాయమని ఒక్క సభ్యుడు అడిగినా రాయాల్సిందే.

ఊరి జనం వచ్చి కూర్చోవచ్చు, 2014 నుంచి ఫోన్‌లో వీడియో తీసుకోవచ్చు, ఆపకూడదు. మాట్లాడే హక్కు మాత్రం కౌన్సిల్ తన నిబంధనల్లో ఇచ్చినంతే.

మినిట్స్‌లో ఎవరు ఏమన్నారో రాయక్కర్లేదు, ఏం తీర్మానించారో రాయాలి. ‘సుదీర్ఘ చర్చ జరిగినది’ అనే వాక్యం మన పంచాయతీ పుస్తకాల్లో బాగా కనబడుతుంది, ఎవరికీ పనికిరాదు. ఎంత మొత్తం, ఎవరికి, ఎప్పటిలోగా, ఏ అధికారం కింద అనేవి ఉండాలి. విడి కాగితాల మీద రాస్తే ప్రతి పేజీకి వరుస నంబరు, సంతకం చేసే చైర్మన్ పొట్టి సంతకం తప్పనిసరి. ముందే ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుని తర్వాత నింపుకునే అలవాటు ఉన్నోళ్లు దాన్ని శంషాబాద్ విమానాశ్రయంలోనే దింపేసి వెళ్లాలి. తర్వాతి మీటింగులో మినిట్స్ సరిగ్గా ఉన్నాయా అన్నదే చర్చ; పాత నిర్ణయాన్ని మళ్లీ తవ్వడానికి అది చోటు కాదు.

అక్కడ కౌన్సిలర్లుగా ఉన్న మనోళ్లకు ఒక నియమం ప్రత్యేకంగా చెప్పాలి. అమ్మానాన్నల వైద్యం కోసమో, ఇంటి నిర్మాణం కోసమో వరంగల్ వచ్చి నెలలు గడిపేస్తారు. వరసగా ఆరు నెలలు ఏ మీటింగుకూ హాజరు కాకపోతే పదవి దానంతట అదే పోతుంది. కోవిడ్ కాలంలో ఇచ్చిన ఆన్‌లైన్ సడలింపు 2021 మే 6తో ముగిసింది, ఆ తర్వాత గదిలో ఉన్నవాళ్లనే హాజరుగా లెక్కిస్తూ వచ్చారు. ‘రాలేకపోతున్నాను’ అని మెసేజ్ పెడితే, క్లర్కు దాన్ని మినిట్స్‌లో నమోదు చేస్తే సరిపోదు. కారణాన్ని కౌన్సిల్ తీర్మానంతో ఆమోదించాలి, అదీ ఆరు నెలలు నిండకముందే. నెల తప్పించి నెల కూర్చునే కౌన్సిల్ అయితే దొరికేవి రెండు మూడు మీటింగులే; అందుకని టికెట్ కొన్నప్పుడే లెటర్ ఇచ్చి, మొదటి మీటింగు ఎజెండాలోనే ఆ అంశం వేయించుకోవాలి.