కళ్లజోడు పెట్టుకునేవారికి బైనాక్యులర్ ఎంపిక: నా అనుభవం

పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువు గుంటూరులో మేముండే ఇంటి నుంచి స్కూటరు మీద అరగంట ప్రయాణం కూడా కాదు. చెరువు మధ్యనున్న మట్టిదిబ్బల మీది తుమ్మచెట్లలో శీతకాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకంకణాలు, నత్తగుల్ల కొంగలు కిక్కిరిసి ఉంటాయి. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే నేను ఏళ్ల తరబడి ఆదివారాలు అక్కడికి వెళ్తూనే ఉన్నా, ఉత్త కళ్లతో చూసి తిరిగి వచ్చేవాణ్ణి. గట్టు పక్కన పొలమున్న ఒక పెద్దాయనతో అక్కడే పరిచయమైంది. బైనాక్యులర్ మాటెత్తితే "వీటిని చూడటానికి అద్దాలెందుకు మాస్టారూ, పుట్టిన దగ్గర్నుంచీ మా కళ్లముందే ఉన్నాయిగా" అనేవారాయన. నాకూ అది నిజమే అనిపించేది.

ఒక జనవరి ఉదయం హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన తన బైనాక్యులర్‌ను కాసేపు నా చేతికిచ్చారు. గూటిలో నిలబడిన గూడబాతు నోరు తెరిచింది. ఒళ్లంతా తెల్లటి నూగుతో ఉన్న పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చింది. ఆ సంచి చర్మం పల్చగా సాగి, లోపల పిల్ల తల అటూ ఇటూ కదలడం బయటికి తెలుస్తోంది. అన్నేళ్లుగా అక్కడికి వెళ్తూ నేను చూడనిది అది. అలాంటిది ఒకటి కొనుక్కోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను గానీ, సరైనది చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నాలాగా కళ్లజోడు ఉన్నవారికి పనికొస్తుందని ఆ నాలుగు నెలల సంగతి రాస్తున్నాను.

మొదట తొందరపడ్డాను. ఒంటి మీద 60×60 అని అచ్చువేసి ఉన్న ఒక బైనాక్యులర్‌ను పద్దెనిమిది వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మొదటి సంఖ్య వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందువైపు లెన్సు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. పది నిమిషాలు చూసేసరికి నా కనుబొమల మధ్య నొప్పి మొదలైంది. దాంతో దాన్ని బడి ల్యాబుకు తీసుకుపోయి కొలిచాను. స్కేలు పెట్టి చూస్తే ముందు లెన్సు 60 కాదు, 35 మిల్లీమీటర్లే ఉంది. ఒక కంటితో బైనాక్యులర్‌లోంచి, మరో కంటిని అలాగే తెరిచి ఉంచి, ప్రహరీగోడ ఇటుకల వరసలను ఒకేసారి చూశాను. పెద్దదిగా కనిపించే ఒక ఇటుక ఎత్తులో మామూలుగా కనిపించే ఇటుకలు ఎనిమిది ఇమిడాయి. అంటే అది పెంచి చూపేది ఎనిమిది రెట్లే. తరువాత దాన్ని ఆకాశం వైపు తిప్పి, కన్ను పెట్టే లెన్సు వెనక ట్రేసింగ్ పేపరు పట్టుకుంటే ఒక వెలుగు చుక్క పడింది, దాని వ్యాసం 3 మిల్లీమీటర్లు. మూడును ఎనిమిదితో హెచ్చవేస్తే 24. ముందున్న 35 మిల్లీమీటర్ల లెన్సులో కూడా వాడకంలో ఉన్నది మధ్యలోని 24 మిల్లీమీటర్లే, మిగతా అంచునంతా లోపలున్న ఏదో వలయం మూసేస్తోందన్నమాట. ఈ పరీక్షకు ల్యాబు కూడా అక్కర్లేదు. ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

నొప్పికి కారణం వేరే ఉంది. రెండు గొట్టాలూ ఒకే దిశలో చూడటం లేదు. వీధిలో అడ్డంగా పోయే కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి నెమ్మదిగా పది పదిహేను సెంటీమీటర్లు దూరం జరిపితే, ఎడమ వలయంలోనూ కుడి వలయంలోనూ ఆ తీగ ఒకే ఎత్తులో కనిపించాలి. నాదాంట్లో కుడివైపు తీగ స్పష్టంగా కిందికి దిగి ఉంది. అలాంటి రెండు దృశ్యాలను ఒకటి చేయడానికి కంటి కండరాలు బలవంతంగా లాక్కుంటాయి. తలనొప్పి అందువల్లే వస్తుంది. పెట్టె విప్పేశాం కనుక వెనక్కి తీసుకోబోమని అమ్మినవారు చెప్పేశారు. ఆ పద్దెనిమిది వందలూ పోయినట్టే. కాకపోతే ఎనిమిదో తరగతి పిల్లలకు పట్టకాల పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు దాన్నే విప్పి చూపిస్తున్నాను.

ఆ తరువాత ఇరవై అయిదు వేల రూపాయలు నా హద్దుగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మా ఆవిడ "అంత డబ్బు పోస్తే ఎన్నాళ్లు ఉంటుందండీ?" అని ఒకే ప్రశ్న వేసింది. న్యాయమైన ప్రశ్న. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు చెక్కుచెదరని వస్తువిది. ఏడాదికోసారి మార్చే ఫోను లాంటిది కాదు.

చదివినదాంట్లో సగం అమెరికా, ఐరోపా వేటగాళ్లు తమ అవసరాల కోసం చెప్పిన సలహాలే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఆ అవసరం మనకు లేదు. అయినా వాళ్ల మాటల్లో మనకు పనికొచ్చేదేదో, పనికిరానిదేదో వేరుచేసుకోవాలి. వాళ్లు కొండవాలు మీద మోచేతులు ఆనించి కూర్చుని, ఎదుటి వాలు మీద దాదాపు కదలకుండా నిలబడే జింకను గంటల తరబడి వెతుకుతారు. అందుకే పది రెట్లు చూపేదాన్నే ఎక్కువగా మెచ్చుకుంటారు. మనం నిలబడి, చేతులు గాలిలో పెట్టి, కొమ్మ నుంచి కొమ్మకు గెంతే పికిలిపిట్టను పట్టుకోవాలి. పది రెట్లు పెంచితే మన చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, పైగా కనిపించే మేర ఇరుకవుతుంది. కానీ తెల్లవారుజామునా సందెవేళా మసక వెలుతురులో ఎలా కనిపిస్తుందన్న దాని మీద వాళ్లు చూపే పట్టుదల మనకూ కావలసిందే, ఎందుకంటే ఉప్పలపాడులో పక్షులు గూళ్లకు చేరేది సరిగ్గా ఆ వేళకే.

ఆ మసక వెలుతురు లెక్క తేలికే. లెన్సు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క పరిమాణం వస్తుంది. 8×42కు అది 5.25 మిల్లీమీటర్లు, 10×42కు 4.2, 7×50కు 7 పైచిలుకు. చీకట్లో పడుచువారి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది గానీ, యాభై దాటినవారికి సాధారణంగా 5 దరిదాపులకు తగ్గిపోతుంది. నా వయసు యాభై రెండు. కనుక 7×50 కొని మోసినా అదనపు వెలుతురు నా కంటిలోకి దూరదు. ఈ లెక్క చూసుకున్నాకే 8×42 అని స్థిరపడ్డాను.

అంతకంటే ముఖ్యమైనదీ, నాకు ఆలస్యంగా తెలిసినదీ ఐ రిలీఫ్. కన్ను పెట్టే లెన్సుకు ఎంత దూరంలో కన్ను ఉంటే దృశ్యం మొత్తం కనబడుతుందో ఆ దూరమే ఐ రిలీఫ్. కళ్లజోడు అద్దం మధ్యలో అడ్డు వస్తుంది కాబట్టి మనకది కనీసం 15 మిల్లీమీటర్లు, వీలైతే 17 ఉండాలి. నాది మైనస్ నాలుగున్నర పవరు, దానికి తోడు చత్వారం. హ్రస్వదృష్టి మాత్రమే ఉన్నవారు జోడు తీసేసి ఫోకస్ చక్రంతో సరిచేసుకోవచ్చు. కానీ పక్షి ఎగిరిన ప్రతిసారీ జోడు తీసి, వెతికి, మళ్లీ పెట్టుకునేలోగా అది అవతలి గట్టుకు చేరి ఉంటుంది. ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా సమంగా లేని దోషం, ఉంటే ఆ చక్రంతో అసలు సరికాదు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం విజయవాడ గవర్నరుపేటలోని ఒక కెమెరా దుకాణానికి వెళ్లాను. యజమాని ఓపిక గల మనిషి. మూడు బైనాక్యులర్లు గల్లా మీద పెట్టి, "లోపల ట్యూబులైటు కింద చూస్తే ఏం తెలుస్తుందండీ, బయటికెళ్లి చూసుకోండి" అని కుర్రాణ్ణి తోడిచ్చి పంపారు. మొదటిది పోరో పట్టకాలది, అంటే ముందు లెన్సులు ఎడంగా, గొట్టాలు మెట్టు మెట్టుగా ఉండే పాతకాలపు ఆకారం. ఇటలీకి చెందిన పోరో 1854లో పేటెంటు పొందిన అమరిక అది. ఇచ్చిన డబ్బుకు దృశ్యం చాలా బాగుంది, లోతు కూడా తెలుస్తోంది. కానీ దాని ఐ రిలీఫ్ 12 మిల్లీమీటర్లే. కన్ను ఆనించే రబ్బరు కప్పులు పూర్తిగా మడిచినా నా జోడులోంచి కనిపించింది తాళంచెవి రంధ్రంలోంచి చూసినంత. జోడు లేనివారికి దాన్ని నేను ఈనాటికీ సిఫారసు చేస్తాను.

మిగతా రెండూ తిన్నటి గొట్టాల రూఫ్ పట్టకాలవి. ఈ రకంలో కాంతి రెండుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు కొద్ది తేడా వచ్చి దృశ్యం మందగిస్తుంది. దాన్ని సరిదిద్దే ఫేజ్ పూతను 1988లో జైస్ కంపెనీ తెచ్చింది, ఇప్పుడది మధ్యస్థ ధరల్లోనూ దొరుకుతోంది. ఫేజ్ పూత లేని రూఫ్ బైనాక్యులర్ ఎంత చవకైనా తీసుకోవద్దు. లెన్సుల పూతల విషయంలో "కోటెడ్" అని మాత్రమే ఉంటే చాలదు, "ఫుల్లీ మల్టీ కోటెడ్" (అన్ని అద్దాలకూ పలు పొరల పూత) అని ఉండాలి.

ఆ రెండింటిలో ఒకదానిలో చూపు వెడల్పు ఎక్కువ, 7.5 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో 131 మీటర్ల మేర కనిపిస్తుంది. రెండోది నికాన్ మోనార్క్ ఎం5 8×42, దానిది 6.4 డిగ్రీలు, 112 మీటర్లే. ఎదురు మేడ పిట్టగోడ మీద ఒక పావురం, దాని వెనక ఎండకు తెల్లబారిన ఆకాశం. వెడల్పైనదాంట్లో ఆ పావురం వీపు అంచున సన్నటి ఊదారంగు గీత కనిపించింది. నికాన్‌లో ఆ గీత దాదాపు లేదు. దాని లెన్సుల్లోని ఈడీ గాజు, అంటే రంగులను పెద్దగా విడిపోనివ్వని గాజు, చేసే పని అది. నీటికాకులు, కొంగలు మనకు ఎక్కువగా కనిపించేది తెల్లటి ఆకాశం మీదే కనుక నాకు ఆ తేడా ముఖ్యమనిపించింది. ఐ రిలీఫ్ 19.5 మిల్లీమీటర్లు; జోడుతోనే వలయం అంచు దాకా చూడగలిగాను. బరువు 630 గ్రాములు, రెండున్నర మీటర్ల దగ్గర్లోని వస్తువు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అయినా వెంటనే డబ్బు ఇవ్వలేదు. సాయంత్రం దీపాలు వెలిగే దాకా ఉంటానని అడిగి, మసక చీకట్లో రోడ్డుకు అవతలి బోర్డుల మీది చిన్న అక్షరాలు రెండింటితోనూ చదివి చూశాను. కరెంటు తీగ పరీక్ష కూడా చేశాను. నా హద్దు కంటే కొంత ఎక్కువే అయింది, కానీ నికాన్‌తోనే బస్సెక్కాను. చూపు వెడల్పు తగ్గిందన్న వెలితి ఎగిరే పక్షిని పట్టుకునేటప్పుడు ఇప్పటికీ ఉంది. ముఖం పక్షి వైపే ఉంచి, చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్లకు ఎత్తుకోవడం అలవాటు చేసుకున్నాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

తెచ్చిన మర్నాడు చేయవలసిన మొదటి పని రెండు కళ్ల తేడా సరిచేసుకోవడం. కుడి లెన్సుకు ముందు అరచెయ్యి అడ్డం పెట్టి ఎడమ కంటికి మధ్య చక్రంతో ఫోకస్ చేయాలి. తరువాత ఎడమది మూసి, చక్రాన్ని ముట్టకుండా, కుడి కంటికి దాని దగ్గరున్న రింగును తిప్పుకోవాలి. నా రింగు ఆగిన చోట మా అమ్మాయి తన గోళ్లరంగుతో చుక్క పెట్టింది. తాను చూసినప్పుడల్లా రింగు తిప్పుతుంది కనుక పక్కనే తనకు మరో చుక్క పెట్టుకుంది.

మన ఊళ్ల ఉక్కకు లెన్సుల మీద బూజు పట్టడం మామూలు. దీని లోపల నైట్రోజన్ నింపి సీలు వేస్తారు కాబట్టి లోపలి భయం తక్కువే గానీ, బయటి అద్దాలకు ఆ రక్షణ ఉండదు. తోలుసంచిలో పెట్టి బీరువాలో మూసేయకుండా, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. నీలం గుళికలు గులాబీరంగుకు మారితే పెనం మీద వేడిచేసి మళ్లీ వాడతాను. దుమ్ము పడితే ముందు గాలి ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపాకే గుడ్డ పెట్టాలి. చొక్కా అంచుతో తుడవడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు, గుంటూరు దుమ్ములోని ఇసుకరేణువులు పూతను గీసేస్తాయి.

మొన్న కార్తీకంలో ఉప్పలపాడు గట్టు మీద ఆ పెద్దాయన మళ్లీ కలిశారు. అద్దాలెందుకని అడగకుండానే చెయ్యి చాచారు. ఆయన కళ్ల మధ్య దూరం తక్కువ. గొట్టాలు రెండూ దగ్గరికి నొక్కి, రెండు వలయాలు ఒకటయ్యేదాకా ఆగమన్నాను. ఆయన పొలంలో నత్తలు ఏరుకుతినే కొంగ ఒకటి ఎండుకొమ్మ మీద పక్కకు తిరిగి నిలబడి ఉంది. చాలాసేపు చూసి, బైనాక్యులర్ దించకుండానే అడిగారు.

"ఇదేంటి మాస్టారూ, దీని ముక్కు మధ్యలో సందుంది? మూసుకోదా?"

పెద్దదయ్యాక మూసుకోదనీ, పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదనీ, పెరిగేకొద్దీ ఏర్పడుతుందనీ చెప్పాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. చీకటి పడి కొమ్మ మీది పక్షి ఉత్త నల్లటి ఆకారంగా మారే దాకా బైనాక్యులర్ తిరిగి ఇమ్మని నేను అడగలేదు.