వాల్డెన్ ఒడ్డున నెల్లూరు ఆలోచనలు

చెరువు అనగానే నెల్లూరు ప్రాంతం వాళ్ల మనసులో మొదట మెదిలేది కట్ట, ఆ తర్వాత తూము, కలుజు, దాని కింద పారే ఆయకట్టు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ పట్టణం పక్కన ఉన్న వాల్డెన్ కొలనుకు ఇవేవీ లేవు. అందులోకి వచ్చే వాగు లేదు, అందులోనుంచి బయటికి పోయే కాలువ కూడా లేదు. వేల ఏళ్ల కిందట మంచుయుగం ముగిసేటప్పుడు, కంకరలో కూరుకుపోయిన ఒక పెద్ద మంచుగడ్డ కరిగిపోగా మిగిలిన గుంట అది. భూగర్భజలమే దానికి ఆధారం కాబట్టి నీరు ఆశ్చర్యం కలిగించేంత తేటగా ఉంటుంది. విస్తీర్ణం 61 ఎకరాలే కానీ, లోతు మాత్రం 102 అడుగులు.

ఆ లోతును మొదట కొలిచి చెప్పినవాడు, ఆ ఒడ్డున తాను గడిపిన జీవితాన్ని ‘వాల్డెన్’ అనే పుస్తకంగా రాసిన అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో. వాల్డెన్‌కు అడుగే లేదని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటూ ఉంటే, ఆయన 1846లో గడ్డకట్టిన నీటిమీద నడుస్తూ, మంచుకు కన్నాలు చేసి, తాడుకు రాయి కట్టి దించి, కొలను పటాన్నే గీశాడు. సాహిత్యం కోసం అక్కడికి వెళ్లిన నాకు ఆయనలోని ఈ సర్వేయరు మీద ఎక్కువ గౌరవం కలిగింది. తాను ప్రేమించిన నీటిని వర్ణించడంతో సరిపెట్టుకోకుండా, దాన్ని కొలిచి తెలుసుకోవాలనుకున్న రచయితలు అరుదు.

మా అమ్మాయి వాళ్లు బోస్టన్ పరిసరాల్లో ఉంటున్నందున ఆకులు రంగు మారే కాలంలో ఆ చోటు చూసే అవకాశం కలిగింది. వాహనాలు నిలిపే చోటికి దగ్గరలోనే థోరో ఇంటి నమూనాను కట్టి ఉంచారు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉన్న ఒకే గది. లోపల ఒక మంచం, ఒక రాతబల్ల, మూడు కుర్చీలు, ఒక పొయ్యి. ఒక ఐరిష్ రైల్వే కూలీ గుడిసెను కొని, దాని చెక్కలను కూడా వాడుకొని కట్టిన ఆ ఇంటికి మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు ఖర్చయిందని ఆయన పద్దు రాసి మరీ చూపించాడు. స్థలం మాత్రం ఆయన మిత్రుడు, గురుతుల్యుడు అయిన తత్త్వవేత్త ఎమర్సన్‌ది. 1845 జూలై 4న అందులో చేరిన థోరో, 1847 సెప్టెంబరు 6 వరకు అక్కడే నివసించాడు. అసలు ఇల్లు ఉన్న చోటు కొలను ఉత్తరపు ఒడ్డున చెట్ల మధ్య ఉంది. దాని పునాదిని 1945లో తవ్వి గుర్తించారు. ఇప్పుడు అక్కడ గొలుసుతో కలిపిన రాతిస్తంభాలు, వాటి పక్కన యాత్రికులు తెచ్చివేసిన రాళ్ల కుప్ప కనిపిస్తాయి. ఆ కుప్పకు మొదటి రాయి పడింది 1872లో.

అక్కడ నిలబడినప్పుడు నాకు మన నెల్లూరు గుర్తుకు రావడానికి బలమైన కారణాలే ఉన్నాయి. 1846–47 చలికాలంలో వాల్డెన్ మంచును కోసి అమ్మడానికి కూలీలు పెద్దసంఖ్యలో వచ్చారు. ఆ రోజుల్లో న్యూ ఇంగ్లాండ్ మంచుగడ్డలు ఓడల్లో కలకత్తాకు, బొంబాయికి, మద్రాసుకు వచ్చేవి. మద్రాసు సముద్రతీరంలో ఇప్పుడు వివేకానందుల పేరుతో ఉన్న గుండ్రని భవనం 1842లో ఆ మంచును దాచడానికి కట్టిన ఐస్ హౌసే. తనకు బావిలాంటి ఆ కొలను నీళ్లను మద్రాసు ప్రజలు తాగుతారని థోరో తలచి మురిశాడు. నిజానికి ఆ ఏడాది కోసిన మంచులో అధికభాగం ఒడ్డునే కరిగి తిరిగి కొలనులో కలిసిందని ఆయనే రాశాడు. అయినా ఆనాటి నెల్లూరు జిల్లాకు రాజధాని అయిన మద్రాసు పేరు ‘వాల్డెన్’ పుస్తకంలో కనబడగానే, ఆ అడవి నాకు పరాయిదనిపించలేదు.

అదే సందర్భంలో థోరో భగవద్గీతను తలుచుకుంటాడు. ఆయన చదివింది 1785లో విల్కిన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం. అంతకు అయిదువందల ఏళ్లకు ముందే, మనుమసిద్ధి ఏలుబడిలోని నెల్లూరులో తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెనిగించాడు. గీత ఉన్న భీష్మపర్వం అందులోనిదే. గీతాభాగాన్ని ఆయన బాగా సంక్షేపించాడన్నది నిజమే కానీ, అర్జునుడి విషాదం తెలుగు పద్యంగా మారింది పెన్న ఒడ్డునే. పన్ను కట్టనని ఒక రాత్రి జైలులో గడిపిన థోరో, శాసనోల్లంఘన గురించి రాసిన వ్యాసాన్ని గాంధీజీ దక్షిణాఫ్రికాలో చదివారు. ఆ గాంధీజీయే 1921లో మన పల్లిపాడుకు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఇంత దూరం ప్రయాణించిన ఆలోచనలకు ఆ కొలను ఒక మజిలీ అని నా నమ్మకం.

వాల్డెన్ దానంతట అదే నిలిచిన చోటు కాదు. 1922లో ఎమర్సన్ కుటుంబంతో సహా కొన్ని కుటుంబాలు చుట్టూ ఉన్న భూమిని ప్రజల కోసం రాష్ట్రానికి ధారాదత్తం చేశాయి. 1957లో స్నానాల రేవును విస్తరించాలని చెట్లు కొట్టించినప్పుడు, థోరో పాఠకులు కోర్టుకు వెళ్లారు. 1960లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. ఈనాటికీ ఒకేసారి లోపల ఉండగల జనానికి పరిమితి ఉంది, అది నిండితే గేటు మూసేస్తారు. కాబట్టి వెళ్లదలచినవారు పొద్దున్నే చేరుకోవడం మంచిది.

థోరో కాంకర్డ్‌లో ఏ మొక్క ఏ రోజున పూసిందో ఏళ్లతరబడి రాసిపెట్టుకున్నాడు. బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ రాతలను ఇప్పటి పూతకాలంతో పోల్చి, మొక్కలు సగటున వారం రోజుల ముందుగా పూస్తున్నాయని తేల్చారు. ఈ సంగతి తెలిసినప్పటినుంచి నా మనసు మన చెరువుల మీదే ఉంది. నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచిన చెట్లమీద గూడబాతులు ఏ రోజున మొదటి గూడు కట్టాయి, స్వర్ణాల చెరువు కలుజు ఏ తేదీన పారింది, ఉగాదికి ముందు మన వీధి వేప ఎప్పుడు పూసింది అన్న వివరాలను ప్రతి ఊరి బడిలో ఒక పుస్తకంలో రాయించవచ్చు. నేను మా వీధి వేపచెట్టుతో ఈ ఏడాదే మొదలుపెడుతున్నాను. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల ఉపాధ్యాయులెవరైనా తమ పిల్లలతో ఈ పని చేయించదలిస్తే, పట్టిక ఎలా గీయాలో కూర్చుని మాట్లాడుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.