గవర్నర్ చాప్టర్ నాకు తమిళిసై గారి పదవీకాలంతోనే అర్థమైంది

ఫ్రెండ్స్, పోటీ పరీక్షల పాలిటీ (రాజ్యాంగం, పాలన) సబ్జెక్టులో గవర్నర్ చాప్టర్ మూడుసార్లు చదివినా 163, 174, 176, 200 ఆర్టికల్స్ అన్నీ కలగాపులగం అయ్యేవి నాకు. ఒక మాక్ టెస్టులో గవర్నర్ విచక్షణాధికారాల (సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారాల) మీద ప్రశ్న వస్తే, తెలంగాణ గవర్నర్‌గా ఉన్న తమిళిసై సౌందరరాజన్ గారికీ అప్పటి రాష్ట్ర ప్రభుత్వానికీ నడిచిన గొడవంతా రెండు పేజీలు నింపాను. దిద్దిన సార్ ఎర్ర పెన్నుతో నాలుగు చోట్ల "ఆర్టికల్ ఏది?" అని రాశారు. 15కి 4 మార్కులు. ఆ రాత్రే కొత్త నోట్‌బుక్ తీసి, పేజీ మధ్యలో గీత కొట్టాను. ఎడమవైపు సంఘటన, కుడివైపు ఆర్టికల్.

ఆమె కెరీర్ బిట్లకు పనికొస్తుంది, ఒక్కసారి చూసుకుంటే చాలు. వృత్తిరీత్యా డాక్టర్, తమిళనాడు బీజేపీ మాజీ అధ్యక్షురాలు, తండ్రి కుమరి అనంతన్ మాత్రం కాంగ్రెస్ నేత. 2019 సెప్టెంబరు 8న తెలంగాణ తొలి మహిళా గవర్నర్‌గా ప్రమాణం చేశారు. 2021 ఫిబ్రవరి నుంచి పుదుచ్చేరి అదనపు బాధ్యత. 2024 మార్చిలో రాజీనామా.

అసలు కష్టపడాల్సింది వివాదాల దగ్గర. 2022 బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. 176 ప్రకారం ఏటా తొలి సమావేశంలో ప్రసంగం ఉండాలి కదా, ఎలా కుదిరింది? 2021 అక్టోబరులో సభను నిరవధికంగా వాయిదా వేశారు గానీ ప్రొరోగ్ చేయలేదు, అంటే 174 కింద గవర్నర్ ఆ సమావేశాన్ని అధికారికంగా ముగించలేదు. కాబట్టి ఇది పాత సమావేశానికి కొనసాగింపే అన్నది ప్రభుత్వ వాదన. ఆనవాయితీని పక్కన పెట్టారన్నది ఆమె అభ్యంతరం. వాయిదాకూ ప్రొరోగేషన్‌కూ తేడా నాకు బుర్రకెక్కింది ఇక్కడే. మరుసటి ఏడాది బడ్జెట్‌కు గవర్నర్ అనుమతి కోసం ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది, రాజీ కుదిరి 2023 ఫిబ్రవరి 3న ఆమె ప్రసంగించారు.

ఆమె ఆమోదం కోసం పెండింగ్‌లో ఉన్న బిల్లుల మీద ప్రభుత్వం వేసిన కేసు, బిల్లులకు గవర్నర్ ఆమోదం గురించి చెప్పే 200కి సంబంధించినది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, మొదటి ప్రొవిజో (ఆర్టికల్‌కు జోడించిన షరతు)లోని "వీలైనంత త్వరగా" అన్న మాటకు రాజ్యాంగపరంగా ప్రాధాన్యం ఉందని గుర్తుచేసింది. అండర్‌లైన్ చేసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ 171(5). గవర్నర్ కోటా ఎమ్మెల్సీలుగా దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణల పేర్లను కేబినెట్ పంపితే 2023 సెప్టెంబరులో ఆమె తిరస్కరించారు. ఆ నిబంధన చెప్పే సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సమాజసేవ రంగాల్లో తగిన అర్హత కనిపించలేదన్నది ఆమె కారణం. 2024 మార్చి 7న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. గవర్నర్ ఫైలును పునఃపరిశీలనకు పంపవచ్చు గానీ, ఈ విషయంలో మంత్రిమండలి సలహాకు కట్టుబడాలంది. అంటే గవర్నర్‌కు మంత్రిమండలి సలహా గురించి చెప్పే 163 కూడా ఇందులోనే వచ్చేసింది.

ఎవరిది తప్పో తేల్చే ఆత్రం మెయిన్స్‌లో వద్దు. ఆ ఎర్ర పెన్ను నాకు అదే నేర్పింది. ఇద్దరి వాదనా చెరో వాక్యం, తర్వాత ఆర్టికల్, ఆ తర్వాత కోర్టు మాట. అదే ప్రశ్నను నెల తర్వాత ఈ వరసలో మళ్లీ రాస్తే 9 వచ్చాయి.