ఆల్టాలో ఒక సెంటీమీటరు

సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయంలో దిగేసరికి నా సంచిలోని స్కీలకు, అంటే మంచు మీద జారేందుకు కాళ్లకు తొడిగే పొడవాటి పలకలకు, ఇంకా బైండింగులు బిగించలేదు. బూటును స్కీకి పట్టి ఉంచేవి ఈ బైండింగులే. స్కీలు ఒక చోట, బైండింగులు మరో చోట తగ్గింపు ధరకు దొరికాయి. బిగించే పని డాలస్‌లోనూ చేస్తారు. అయితే ఏడాదంతా స్కీలు తొడిగే మనుషులతో మాట్లాడే దుకాణంలో చేయించుకుందామని అన్నీ యూటాకు మోసుకెళ్లాను. లీహైలో మా పెదనాన్నగారి అబ్బాయి కుటుంబం ఉంటుంది. అన్నయ్యకు మంచు అంటే కిటికీలోంచి చూసేది. వదిన మాత్రం ప్రతి శీతకాలం దగ్గర్లోని స్కీ కొండ ఆల్టాకు సీజన్ పాస్ కొంటుంది. విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్లకముందే నన్ను నేరుగా దుకాణానికి తీసుకువెళ్లింది.

అక్కడి మెకానిక్ పెద్దాయన. స్కీని బల్ల మీద పెట్టి మధ్యలో ఉన్న సన్నని గీత చూపించారు. తర్వాత నా బూటు తీసుకొని అడుగు పక్కన అచ్చుపోసిన ఇంకో చిన్న గీత చూపించారు. రెండూ కలిసేలా బిగిస్తే అది స్కీ తయారుచేసినవారు చెప్పిన చోటు. బూటు మడమ దగ్గర 305 అని ఉంది. అది అడుగు పొడవు, మిల్లీమీటర్లలో.

ఎప్పుడూ స్కీ తొడగనివారికి ఇంత చర్చ ఎందుకో అనిపించవచ్చు. బూటు ముందూ వెనుకా బైండింగులో ఇరుక్కుపోతుంది. మోకాలు వంచినా, బరువు ముందుకు వేసినా, అదంతా ఆ ఒక్క చోటు నుంచే స్కీకి చేరుతుంది. కావడి బద్ద భుజం మీద ఎక్కడ ఆనిందన్నదాన్ని బట్టి నడక మారినట్టే ఇదీ. చోటు ముందుకు జరిగితే వెనుక తోక పొడవవుతుంది, స్కీ సులువుగా తిరుగుతుంది. వెనక్కి జరిగితే ముందు కొన పొడవవుతుంది. పొడి మంచులో పైకి తేలుతుంది, వేగంలో నిలకడగా ఉంటుంది, తిప్పడానికి మాత్రం ఎక్కువ శ్రమ.

నాది 178 సెంటీమీటర్ల స్కీ, నడుము, అంటే మధ్యలో వెడల్పు, 96 మిల్లీమీటర్లు. టేపు పెట్టి కొలిస్తే గీత అసలు నడిమధ్యకు 8 సెంటీమీటర్లు వెనుక ఉంది. గాలిలో గిరికీలు కొట్టేవారి స్కీలకు అది దాదాపు మధ్యలోనే ఉంటుంది. పాత పద్ధతిలో చేసినవాటికి 10, 12 సెంటీమీటర్లు వెనుక ఉండటం మామూలే. ఆడవారి కోసమని అమ్మే కొన్ని స్కీలకు కాస్త ముందుకు గీస్తారు. "నన్ను అడిగి గీశారా?" అంది వదిన. తన స్కీలు మగవారి వరుసలో కొన్నవే.

పాదంలో వేళ్ల వెనుక ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని స్కీ నేలకు ఆనే భాగం మధ్యకు సరిచూసి బిగించే పాత లెక్క కూడా ఒకటుందని పెద్దాయన చెప్పారు. ఇప్పటి స్కీల కొనలు ముందే పైకి లేచి ఉంటాయి కాబట్టి, "నేలకు ఆనే భాగం" ఎక్కడ మొదలవుతుందో తేల్చడమే కష్టమట. అందుకే ఆయన గీతను నమ్ముతారు. అయితే ఆ గీత సగటు మనిషి కోసం గీసినది, ఆ సగటు మనిషి తన దుకాణానికి ఇంతవరకు రాలేదన్నారు.

"గీత మీదే పెట్టించుకో" అని వదిన తీర్పు. నాకు మాత్రం ఒక సెంటీమీటరు ముందుకు జరపాలని ఉంది. పెద్దాయన డ్రిల్లు పక్కన పెట్టి అసలు విషయం చెప్పారు. చోటు మార్చాలంటే కొత్త రంధ్రానికీ పాత రంధ్రానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు దూరం ఉండాలి, లేకపోతే మధ్యలోని చెక్క బలహీనపడుతుంది. అంటే బిగించాక "కొంచెం జరిపితే బాగుండు" అనిపిస్తే, ఆ కొంచెమే జరపడం కుదరదు. "పైన ఆల్టాలో ఇదే స్కీ అద్దెకు దొరుకుతుంది. ముందుకూ వెనక్కీ జరపగలిగే బైండింగు ఉంటుంది. చూసి రండి" అన్నారు. డబ్బు వచ్చే పనిని వాయిదా వేసే వ్యాపారి గురించి విని అన్నయ్య ఆశ్చర్యపోయాడు.

మర్నాడు లిటిల్ కాటన్‌వుడ్ లోయ దారి పట్టాం. సాల్ట్ లేక్‌లోని మార్మన్ మతస్థుల ఆలయానికి రాయి ఈ లోయ ముఖద్వారం నుంచే తీశారు. ఆ కట్టడం 1853లో మొదలై 1893లో గానీ పూర్తి కాలేదు. రాత్రి కురిసిన మంచు కొండచరియల నుంచి జారకుండా ముందే పేల్చి దింపే పని జరుగుతోందని రోడ్డు మూసేశారు. ఇక్కడ అది నిత్యకృత్యం. పైన లాడ్జిల్లో దిగినవారినైతే అలాంటప్పుడు తలుపు దాటి బయటికి రానివ్వరు. దానికి ఇంటర్‌లాడ్జ్ అని పేరు, అతిక్రమిస్తే శిక్ష కూడా ఉంది. కార్ల వరుసలో కూర్చొని వదిన కట్టి తెచ్చిన పులిహోర పొద్దున్నే ఖాళీ చేశాం.

ఆల్టా ఒకప్పుడు వెండి గనుల ఊరు. గని సామగ్రి మోసిన పాత తీగమార్గం భాగాలతోనే మొదటి కాలిన్స్ లిఫ్టు కట్టి, 1939 జనవరిలో నడిపారు. స్నోబోర్డులను ఈనాటికీ రానివ్వరు. ఏటా సగటున 500 అంగుళాలకు తక్కువ కాకుండా మంచు కురుస్తుందని ఊరి గొప్ప. 2022-23లో 903 అంగుళాలు పడింది. ఆ లెక్క విన్నాక డాలస్ నుంచి వచ్చినవాడు నోరు మూసుకోవాలి.

అద్దె స్కీల బైండింగుకు ముందూ వెనుకా పట్టాల మీద బూటు పొడవుల అంకెలుంటాయి. నా 305 బూటుకు రెండు భాగాలనూ 305 దగ్గర పెడితే గీత మీద ఉన్నట్టు. ముందు భాగాన్ని 325కు, వెనుక భాగాన్ని 285కు మారిస్తే మొత్తం బూటు ఒక సెంటీమీటరు ముందుకు జరుగుతుంది. అక్కడి కుర్రవాడు ప్రతిసారీ వెనుక భాగం బూటును నెట్టే ఒత్తిడి సరిచూసి గానీ వదలలేదు.

మొదట గీత మీద. తొక్కి చదును చేసిన మాంబో వాలులో స్కీ బుద్ధిగా నడిచింది గానీ, మలుపు మొదలుపెట్టాలంటే నేను ముంగాలి ఎముకను బూటు నాలుకకు గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి బాల్‌రూమ్ అనే వాలులోకి వెళ్తే అక్కడి మోకాలి లోతు మంచులో కొనలు తమంతట తామే పైకి వచ్చాయి. అంత హాయి నేను స్కీల మీద ఎరగను. అదే అమరికతో డెవిల్స్ ఎల్బో అనే ఇంకో వాలుకు వెళ్లి గట్టి మంచులో దిగితే రోడ్డు రోలరు తిప్పినంత పని.

తర్వాత ముందుకు. మొదటి మలుపులోనే తేడా తెలిసింది. నేను నిటారుగా నిలబడే రకం, ముందుకు వాలి స్కీలను తరిమే రకం కాదు. ఆ నిలకడకు ఈ చోటు సరిపోయింది. మంచు గుట్టల మధ్య స్కీల తోకలు తొందరగా పక్కకు తిరిగాయి. బాల్‌రూమ్‌లో మాత్రం కొనలు మంచులోకి దిగబడి, వెనక్కి వాలి తొడలు మండిపోయాయి. అర సెంటీమీటరు జరిపి కూడా చూశాను. నా స్థాయివారికి ఆ తేడా కాళ్లకంటే ఊహకే ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. పోటీలకు వెళ్లేవారు ఒప్పుకోకపోవచ్చు.

లిఫ్టు మీద వదిన అడిగింది: "పొడి మంచు కోసం కదా ఇంత దూరం వచ్చావు? మరి ముందుకెందుకు?" ఆల్టా నాకు విందు భోజనం, నిజమే. కానీ డాలస్ నుంచి కారులో పోగలిగే కొండలు న్యూ మెక్సికోలో ఉన్నాయి. నాకు ఏడాదిలో దొరికే మంచులో అధిక భాగం అక్కడ యంత్రాలు తొక్కి గట్టిపరచినదే. నా స్కీలు ఎక్కువ కాలం ఎక్కడ తిరుగుతాయో అక్కడికి పనికిరావాలి. ఈ మాటే పెద్దాయనకు చెబితే, "అయితే ముందుకే" అని మారు మాట లేకుండా రంధ్రాల చోటు చూపే జిగ్‌ను స్కీకి బిగించారు.

నా స్కీలో లోహపు రేకు ఉంది కాబట్టి 4.1 మిల్లీమీటర్ల డ్రిల్లు వాడారు. రేకు లేనివాటికి 3.5 చాలట. 9 మిల్లీమీటర్ల లోతు దాటకుండా డ్రిల్లుకే మెట్టు ఉంటుంది. రంధ్రాల్లో మరలు కోసి, తడి చేరకుండా జిగురు పోసి, స్క్రూలు చేత్తోనే బిగించారు. తర్వాత నా బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఎంత దూకుడుగా దిగుతానన్నది రాసుకొని, పడినప్పుడు బూటు విడిపోయే బలాన్ని లెక్కగట్టారు. ఆ చివరి ప్రశ్నకు గొప్పలు పోయి జవాబిచ్చేవాళ్లే కాళ్లు విరగ్గొట్టుకుంటారని అన్నారు. ఆ విడిపోవడమనే ఆలోచన కూడా విరిగిన కాలు నుంచే పుట్టింది: 1937లో కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్న యాల్మార్ వామ్ అనే నార్వేజియన్ అమెరికన్ అక్కడే గీసిన బొమ్మ నుంచి సేఫ్-స్కీ బైండింగు వచ్చింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి మళ్లీ కురిసింది. కొత్తగా బిగించిన స్కీలతో బాల్‌రూమ్‌లో దిగితే, ఊహించినట్టే, కొనలు మునిగి నేను బోర్లా పడ్డాను. బూటు పట్టు విడిచింది, పెద్దాయన లెక్క సరిగ్గానే ఉంది. వదిన కొసదాకా నవ్వింది. మధ్యాహ్నం సుప్రీమ్ లిఫ్టు కింద గుట్టల్లో మాత్రం నా కోసం ఎక్కడా ఆగాల్సిన పని ఆమెకు పడలేదు.